మాట వినడం లేదా? వినబడడం లేదా?

పిల్లల్లో దీర్ఘకాలిక మధ్యచెవి వ్యాధి, దాని వెనుక బాక్టీరియా పాత్ర

‘మాట వినడు’ అన్న ఫిర్యాదు మన ఇళ్లలో ఎంత తరచుగా వినిపిస్తుందో చెప్పనక్కరలేదు. వంటగదిలోంచి తల్లి నాలుగుసార్లు పిలిచినా పలకని పిల్లవాడిని, ఉపాధ్యాయుడు ఒకటి చెబితే మరొకటి రాసుకొచ్చే అమ్మాయిని మనం ఒకే గాటన కడతాం. మొండితనమనో, పరధ్యానమనో, అశ్రద్ధ అనో పేరు పెడతాం. తెలుగులో ‘వినడం’ అనే మాటకు రెండు అర్థాలున్నాయి. చెవితో వినడం ఒకటి, చెప్పినట్లు నడుచుకోవడం మరొకటి. రెండో అర్థంలో పిల్లలను మందలించే ముందు, మొదటి అర్థంలో వారి చెవులు సరిగా పనిచేస్తున్నాయా అని పరీక్షించుకునే అలవాటు మాత్రం మనలో తక్కువ.

చెవిలోంచి చీము కారుతున్నా ఇదే పరిస్థితి. “చిన్నప్పుడు మాకూ కారింది, పెద్దయితే అదే పోతుంది” అన్న ఓదార్పు ప్రతి కుటుంబంలోనూ వినబడుతుంది. కొందరికి నిజంగానే పోతుంది. మరికొందరికి చీముతో పాటు వినికిడిలో కొంత భాగం కూడా పోతుంది. అది తిరిగి రాకపోవచ్చు. ఈ వ్యాధి ఎందుకు ఇంత మొండిగా ఉంటుంది? మందు వాడినప్పుడు తగ్గి, ఆపగానే ఎందుకు తిరగబెడుతుంది? గత 30 ఏళ్లలో శాస్త్రజ్ఞులు ఈ ప్రశ్నకు చాలావరకు సమాధానం కనుగొన్నారు. ఆ సమాధానం తెలిసిన తల్లిదండ్రులు చికిత్స విషయంలో తొందరపడరు, నిర్లక్ష్యమూ చేయరు. కాబట్టి దానిని వివరంగా తెలుసుకుందాం.

చెవి లోపలి చిన్న గది

మనకు పైకి కనిపించే చెవి, దాని రంధ్రం కలిపి వెలుపలి చెవి. ఆ రంధ్రం చివర పలుచని పొర ఒకటి అడ్డుగా ఉంటుంది. అదే కర్ణభేరి. దాని వెనుక గాలితో నిండిన చిన్న గది ఉంది. దానినే మధ్యచెవి అంటారు. శరీరంలోని అతి చిన్న ఎముకలు మూడు అందులో గొలుసులా అమరి ఉండి, కర్ణభేరి ప్రకంపనలను లోపలి చెవికి అందజేస్తాయి.

ఈ గదికి గాలి అందేది ముక్కు వెనుక భాగం నుంచి వచ్చే సన్నని నాళం ద్వారా. 16వ శతాబ్దపు ఇటలీ శరీర శాస్త్రవేత్త బార్తొలొమియో యుస్టాకీ పేరు మీద దానిని యూస్టేషియన్ నాళం అంటున్నారు. మనం గుటక వేసినప్పుడు, ఆవులించినప్పుడు అది తెరుచుకుని లోపలికి కొంత గాలిని పంపుతుంది. పెద్దవారిలో దీని పొడవు సుమారు 3.5 సెంటీమీటర్లు, ఏటవాలుగా ఉంటుంది. పసివారిలో దాదాపు అందులో సగమే ఉంటుంది, పైగా నేలబారుగా ఉంటుంది. అందుకే ముక్కులోని చీమిడి, దానితో పాటు క్రిములు పిల్లల చెవిలోకి సులభంగా చేరతాయి. జలుబు చేసి ఆ నాళం వాచి మూసుకుపోతే గదిలోని గాలి పీల్చుకుపోయి, ఆ ఖాళీలో ద్రవం ఊరుతుంది.

ఇక్కడి నుంచి వ్యాధి మూడు రూపాల్లో కనిపిస్తుంది. ఒకటి, అకస్మాత్తుగా జ్వరంతో, భరించలేని చెవిపోటుతో వచ్చే తీవ్రమైన వాపు. రెండోది, నొప్పీ జ్వరమూ లేకుండా కర్ణభేరి వెనుక జిగురు ద్రవం నెలల తరబడి నిలిచిపోవడం. వైద్యులు దీనిని ‘గ్లూ ఇయర్’ అంటారు. మూడోది, కర్ణభేరికి రంధ్రం పడి వారాల తరబడి చీము కారడం. మన జనం ‘చీము చెవి’ అనేది దీనినే. మొదటి దానిని నొప్పి పట్టిస్తుంది, మూడో దానిని చీము పట్టిస్తుంది. రెండోది మాత్రం ఏ గుర్తూ చూపకుండా వినికిడిని మందగింపజేస్తుంది.

ముక్కులో కాపురం, చెవిలో చొరబాటు

పిల్లల మధ్యచెవి వ్యాధికి ప్రధానంగా మూడు బాక్టీరియాలు కారణమని వైద్యశాస్త్రం చాలాకాలంగా చెబుతోంది. అవి స్ట్రెప్టోకోకస్ న్యుమోనియే, హీమోఫిలస్ ఇన్‌ఫ్లుయెంజే, మొరాక్సెల్లా కటారాలిస్. ఈ పేర్లను కంఠస్థం చేయమని మేము అనడం లేదు. వీటి స్వభావం తెలిస్తే చాలు. మొదటిది న్యుమోనియాకు కూడా కారణమయ్యేదే. రెండో దాని పేరు వెనుక ఒక పొరపాటు ఉంది. 1892లో జర్మన్ శాస్త్రవేత్త రిచర్డ్ ఫైఫర్ ఫ్లూ రోగులలో దీనిని చూసి, ఇదే ఫ్లూ కారకమని భావించారు. ఫ్లూకు కారణం వైరస్ అని 1933లో తేలింది గాని, బాక్టీరియాకు పెట్టిన పేరు మాత్రం అలాగే నిలిచిపోయింది.

ఈ మూడూ ఆరోగ్యంగా ఉన్న పిల్లల ముక్కు వెనుక భాగంలో కూడా నివసిస్తాయి. అక్కడ ఉన్నంతసేపు సాధారణంగా హాని చేయవు. జలుబు కలిగించే వైరస్ వచ్చి ముక్కు, నాళం లోపలి పొరను దెబ్బతీసినప్పుడే వాటికి దారి దొరుకుతుంది. కాబట్టి చాలా సందర్భాలలో వైరస్ తలుపు తెరుస్తుంది, బాక్టీరియా లోపలికి అడుగు పెడుతుంది. పిల్లలకు జలుబు చేసిన కొద్ది రోజులకే చెవిపోటు రావడం మనం చూస్తుంటాం. దానికి కారణమిదే.

ముక్కు వెనుక అడినాయిడ్లు అనే మెత్తని కండలు ఉంటాయి. రోగ నిరోధానికి తోడ్పడే ఈ కండలే కొందరు పిల్లల్లో ఉబ్బి, క్రిములకు నిలయమవుతాయి. నోరు తెరిచి నిద్రపోయే, గురక పెట్టే, ఎప్పుడూ ముక్కు దిబ్బడతో ఉండే పిల్లల్లో చెవి సమస్య కూడా ఉందేమో చూడాలని వైద్యులు చెప్పేది ఇందుకే.

‘క్రిములు లేని’ ద్రవం అనే చిక్కుముడి

తీవ్రమైన చెవిపోటు విషయంలో బాక్టీరియా పాత్రపై పెద్దగా సందేహం లేదు. చిక్కంతా గ్లూ ఇయర్ దగ్గర వచ్చింది. నెలల తరబడి నిలిచిన ఆ జిగురు ద్రవాన్ని తీసి ప్రయోగశాలలో పెంచి చూస్తే, ఎక్కువ నమూనాల్లో ఏ బాక్టీరియా కూడా మొలకెత్తేది కాదు. దాంతో చాలా ఏళ్లపాటు వైద్యులు ఆ ద్రవంలో క్రిములు లేవనీ, అది పాత వాపు మిగిల్చిన అవశేషం మాత్రమేననీ భావించారు.

ఆ అభిప్రాయాన్ని అమెరికాలోని పిట్స్‌బర్గ్ పరిశోధకులు ప్రశ్నించారు. బాక్టీరియా మొలకెత్తేదాకా ఎదురుచూడకుండా దాని జన్యుపదార్థమైన డీఎన్ఏను వెతికే పీసీఆర్ పద్ధతిని వారు ఉపయోగించారు. కోవిడ్ రోజుల్లో ఈ పేరు మన అందరికీ పరిచయమైంది. 1995లో ప్రచురితమైన ఆ అధ్యయనంలో పిల్లల చెవుల నుంచి తీసిన 97 నమూనాలను పరీక్షించారు. పెంపకం పద్ధతిలో 28 నమూనాల్లో మాత్రమే బాక్టీరియా కనిపించింది. పీసీఆర్‌తో చూస్తే 75 నమూనాల్లో వాటి ఆనవాళ్లు బయటపడ్డాయి.

అయితే వెంటనే మరో ప్రశ్న తలెత్తింది. డీఎన్ఏ చచ్చిన క్రిములదీ కావచ్చు కదా! యుద్ధం ముగిసిన మైదానంలో మిగిలిన శవాలను చూసి యుద్ధం ఇంకా జరుగుతోందని అనగలమా? దీనికి 1998లో మరో అధ్యయనం జవాబు ఇచ్చింది. ప్రాణమున్న కణం మాత్రమే తయారు చేసే, తయారైన కొద్దిసేపటికే నశించిపోయే ఆర్ఎన్ఏ అణువులను ఈసారి వెతికారు. పెంచితే మొలకెత్తని నమూనాల్లో సైతం అవి దొరికాయి. అంటే ఆ బాక్టీరియా చావలేదు, పని చేస్తూనే ఉంది. మరి ప్రయోగశాలలో ఎందుకు మొలకెత్తలేదు?

పాచి చెప్పిన సమాధానం

మేడమీది నీళ్ల ట్యాంకు లోపలి గోడను చేత్తో తడిమితే జారుడుగా జిగురు తగులుతుంది. దానినే మనం పాచి అంటాం. నీళ్లన్నీ తోడేసినా అది గోడను వదలదు, గట్టిగా రుద్దితేనే పోతుంది. మన పళ్ల మీద తెల్లవారేసరికి పట్టే పాచి కూడా అటువంటిదే. బాక్టీరియా గుంపుగా ఒక ఉపరితలానికి అంటుకుని, తమ చుట్టూ జిగురు పదార్థాన్ని స్రవించి కట్టుకున్న కోట అది. శాస్త్రజ్ఞులు దీనిని ‘బయోఫిల్మ్’ అంటారు. నోటిలో నీళ్లు పోసుకుని పుక్కిలించినంత మాత్రాన పాచి పోదని, మిస్వాక్‌తోనో బ్రష్‌తోనో తోమాలని మనకు తెలుసు. మధ్యచెవిలో పాచి పడితే తోమేదెవరు?

2006లో పిట్స్‌బర్గ్ బృందంతో సహా పలువురు పరిశోధకులు కలిసి ప్రచురించిన అధ్యయనం ఈ విషయాన్ని కళ్లకు కట్టింది. చెవిలో గొట్టం అమర్చే శస్త్రచికిత్సకు వచ్చిన 26 మంది పిల్లల మధ్యచెవి పొర నుంచి తీసిన 50 చిన్న ముక్కలను ప్రత్యేక సూక్ష్మదర్శిని కింద పరీక్షించారు. వాటిలో 46 ముక్కల మీద, అంటే 92 శాతంలో, బాక్టీరియా పాచి కనిపించింది. పోల్చి చూడడానికి, మరో కారణంతో చెవి శస్త్రచికిత్స చేయించుకుంటున్న వారి నుంచి తీసిన 8 నమూనాల్లో అది ఏమాత్రం కనిపించలేదు.

దీనితో పాత చిక్కుముడులు ఒక్కొక్కటిగా విడిపోయాయి. బాక్టీరియా ద్రవంలో తేలడం లేదు, గోడకు అంటుకుని ఉంది. అందుకే ద్రవాన్ని తీసి పెంచితే దొరకలేదు. కోట లోపలి బాక్టీరియా చాలా మందకొడిగా జీవిస్తుంది. ఎక్కువ యాంటీబయాటిక్‌లు చురుగ్గా పెరిగే క్రిములనే బాగా చంపుతాయి కాబట్టి ఇది వాటికి సులభంగా లొంగదు. మన శరీర రక్షక కణాలు కూడా ఆ జిగురును చీల్చుకుని లోపలికి పోలేవు. మాత్రలు వాడినప్పుడు కోట బయట తిరిగే క్రిములు చస్తాయి, లక్షణాలు తగ్గుతాయి. మాత్రలు ఆపాక కోట నుంచి కొత్త దండు బయలుదేరుతుంది. ‘తగ్గింది, మళ్లీ వచ్చింది’ అని మనం అనుకునేది చాలాసార్లు కొత్త వ్యాధి కాదు, వెళ్లిపోని పాత వ్యాధే.

కనిపించినంత మాత్రాన దోషి కాదు

ఇక్కడ ఒక న్యాయసూత్రాన్ని మరువరాదు. నేరస్థలంలో కనిపించిన ప్రతివాడూ నేరస్థుడు కాదు. సూక్ష్మజీవుల విషయంలోనూ అంతే. 1989లో అమెరికాలో పిల్లల మధ్యచెవి ద్రవంలో కొత్త బాక్టీరియా ఒకటి దొరికింది. దానికి తరువాత అల్లోయోకోకస్ ఒటిటిడిస్ అని పేరు పెట్టారు. అది చాలా నెమ్మదిగా పెరుగుతుంది గనుక మామూలు పరీక్షలో దొరకదు. పీసీఆర్‌తో వెతికితే గ్లూ ఇయర్ ఉన్న పిల్లలలో తరచుగా కనిపించింది. ఇన్నాళ్లూ దాగిన అసలు దోషి ఇదేనా అన్న చర్చ సాగింది. తీరా చూస్తే ఏ వ్యాధీ లేనివారి వెలుపలి చెవి రంధ్రంలో కూడా అది నివసిస్తుందని తెలిసింది. నమూనా తీసేటప్పుడు రంధ్రం చర్మం నుంచి కలిసిందా, నిజంగానే లోపల వ్యాధి కలిగించిందా అన్నది నేటికీ వివాదమే.

కాబట్టి నిజాయితీగా చెప్పాలంటే, ముందు చెప్పుకున్న మూడు బాక్టీరియాల మీద సాక్ష్యం బలంగా ఉంది, మిగిలిన వాటి మీద విచారణ కొనసాగుతోంది. ఒక్క క్రిమి వల్లనే అంతా జరుగుతుందని కూడా అనలేం. వైరస్, నాళం నిర్మాణం, అడినాయిడ్లు, ఇంటి వాతావరణం, పిల్లవాడి రోగ నిరోధక శక్తి, ఇవన్నీ కలిసినప్పుడే వ్యాధి పాతుకుపోతుంది.

చీము చెవి: మరో దండు

కర్ణభేరికి రంధ్రం పడ్డాక కథ మారుతుంది. అంతవరకు క్రిములు ముక్కు వైపు నుంచే వచ్చేవి. ఇప్పుడు బయటి నుంచి కూడా దారి ఏర్పడింది. దీర్ఘకాలంగా కారే చీములో ఎక్కువగా దొరికేవి సూడోమోనాస్ ఎరుజినోసా, స్టెఫిలోకోకస్ ఆరియస్. సూడోమోనాస్ తేమను ఆశ్రయించి బతికే బాక్టీరియా. నీటిలోనూ, తడి నేలలోనూ ఉంటుంది. స్నానపు నీళ్లు, చెరువు నీళ్లు రంధ్రం గుండా లోపలికి పోతే దానికి విందు దొరికినట్లే. అనేక సాధారణ యాంటీబయాటిక్‌లు దానిపై పనిచేయవు. పైగా అది కూడా పాచి కట్టడంలో ఆరితేరినది. మన దేశంలో క్షయవ్యాధి ఇంకా ఉంది గనుక, ఏ చికిత్సకూ లొంగని చీము చెవికి అరుదుగా క్షయ క్రిమి కూడా కారణం కావచ్చునని వైద్యులు గుర్తుంచుకుంటారు.

2004లో ప్రపంచ ఆరోగ్య సంస్థ వెలువరించిన నివేదిక, చెవిలో చీము కారే వారు ప్రపంచంలో 6.5 కోట్ల నుంచి 33 కోట్ల వరకు ఉండవచ్చునని, వారిలో 60 శాతం మందికి చెప్పుకోదగిన వినికిడి లోపం ఉందని అంచనా వేసింది. జనాభాలో 4 శాతానికి పైగా ఈ వ్యాధి ఉన్న ప్రాంతాల జాబితాలో గ్రీన్‌లాండ్, ఆస్ట్రేలియా ఆదివాసీలు, టాంజానియాతో పాటు భారతదేశాన్నీ చేర్చింది. మంచు దేశమైన గ్రీన్‌లాండ్, ఎండలు మండే మన దేశం ఒకే వరుసలో ఉన్నాయంటే, వాతావరణం ఒక్కటే కారణం కాదన్నమాట. ఇరుకు ఇళ్లు, పొగ, పోషకాహార లోపం, వైద్యం ఆలస్యంగా అందడం, వీటి పాత్ర పెద్దది. ఆస్ట్రేలియా ఆదివాసీ కుటుంబాల శిశువుల ముక్కులో ఈ బాక్టీరియాలు పుట్టిన కొద్ది వారాలకే స్థిరపడడం, చెవి వ్యాధి కూడా అంత త్వరగానే మొదలవడం అక్కడి పరిశోధకులు గమనించారు.

ఏ మందు, ఎప్పుడు?

పాచి సంగతి అర్థమైతే వైద్యుల సలహాలు కూడా అర్థమవుతాయి. గ్లూ ఇయర్ ఉన్న పిల్లవాడికి డాక్టరు మందు రాయకుండా “మూడు నెలలు ఆగి చూద్దాం” అంటే మనకు అసంతృప్తి కలుగుతుంది. కాని ఎక్కువ మందిలో ఆ ద్రవం మూడు నెలల్లో దానంతటదే ఇంకిపోతుంది. యాంటీబయాటిక్ మాత్రలు అందులో పెద్దగా మేలు చేయవు. జలుబు సిరప్‌లు అసలు చేయవు. మూడు నెలల తరువాత కూడా ద్రవం నిలిచి, వినికిడి పరీక్షలో లోపం కనిపిస్తే అప్పుడు కర్ణభేరికి సన్నని గాటు పెట్టి, ద్రవం తీసి, గ్రోమెట్ అనే చిన్న గొట్టాన్ని అమర్చుతారు. మూసుకుపోయిన నాళానికి బదులు అది గాలిని లోపలికి పంపుతుంది. కొన్ని నెలల తరువాత సాధారణంగా అదే ఊడి బయటికి వస్తుంది. కొందరికి అడినాయిడ్లను కూడా తొలగించవలసి వస్తుంది. క్రిముల నిలయాన్ని తీసివేయడమే అందులోని ఉద్దేశం.

చీము చెవికి మాత్రలకన్నా చుక్కల మందు మేలని వైద్యులు అంటారు. దీని వెనుక ఒక సులభమైన లెక్క ఉంది. సిప్రోఫ్లాక్సాసిన్ చుక్కల మందు సాధారణంగా 0.3 శాతం గాఢతతో దొరుకుతుంది. అంటే ఒక మిల్లీలీటరులో 3,000 మైక్రోగ్రాముల మందు ఉంటుంది. అదే మందును మాత్రగా మింగితే రక్తంలో మిల్లీలీటరుకు కొద్ది మైక్రోగ్రాములు మాత్రమే చేరుతుంది. చుక్కలు వేసిన చోట మందు సుమారు వెయ్యి రెట్లు గాఢంగా ఉంటుందన్నమాట. పాచి కోటను బద్దలు కొట్టాలంటే అంత బలం అవసరం.

కాని ఆ చుక్క చీము మీద పడితే ప్రయోజనం లేదు, పొరను తాకాలి. అందుకే ముందు చెవిని పొడిగా చేయడం ముఖ్యం. శుభ్రమైన, నీరు పీల్చే మెత్తని నూలు గుడ్డను వత్తిలా చుట్టి పిల్లవాడి చెవిలో ఉంచాలి. తడిసిన వెంటనే తీసి మరొకటి పెట్టాలి. వత్తి పొడిగా వచ్చేవరకు ఇలా చేసి, ఆ తరువాతనే డాక్టరు రాసిన చుక్కలు వేయాలి. రోజుకు కనీసం మూడుసార్లు ఇలా చేయాలి. పుల్లకు చుట్టిన దూదిని లోపలికి పొడవరాదు.

మందుల షాపులో అడిగి చుక్కల మందు తెచ్చుకోవడం మాత్రం ప్రమాదకరం. జెంటామైసిన్, నియోమైసిన్ వంటి మందులున్న చుక్కలు కర్ణభేరికి రంధ్రం ఉన్నప్పుడు లోపలి చెవిని దెబ్బతీసే అవకాశం ఉంది. రంధ్రం ఉన్నదీ లేనిదీ పరికరంతో చూస్తేనే తెలుస్తుంది. చీము ఆగిన తరువాత కూడా రంధ్రం పూడకపోతే శస్త్రచికిత్సతో పూడ్చవచ్చు.

ఇంటి చిట్కాలు, నీళ్ల జాగ్రత్తలు

చెవిపోటు వస్తే వెల్లుల్లి వేసి కాచిన నూనె పోయమని నానీమా, దాదీమా చెప్పడం వారి ప్రేమకు గుర్తే. కాని కర్ణభేరికి రంధ్రం ఉంటే ఆ నూనె నేరుగా మధ్యచెవిలోకి పోతుంది. కాగిన నూనె కాల్చుతుంది, కాగని నూనె క్రిములను మోసుకుపోతుంది. ఆకు పసరు, తల్లిపాలు చెవిలో పిండడం కూడా అంతే. తల్లిపాలు బిడ్డ నోటికి అమృతమే, చెవికి మాత్రం కాదు. పిన్నీసు, అగ్గిపుల్ల, తాళంచెవితో గులిమి తీయడం, వీధిలో చెవులు శుభ్రం చేసేవారికి పిల్లల చెవిని అప్పగించడం మానుకోవాలి.

చీము కారే చెవిలోకి నీరు పోనివ్వరాదు. వుజూలో చెవులను తడి వేళ్లతో మసహ్ చేస్తాం. చెవి రంధ్రంలో నీరు పోయనవసరం లేదు కాబట్టి నీళ్లు లోపలికి దిగకుండా చూసుకోవడం కష్టం కాదని పిల్లలకు నేర్పాలి. స్నానం చేయించేటప్పుడు వాసెలిన్ రాసిన దూదిని చెవి ముఖద్వారంలో ఉంచి, స్నానం అయ్యాక తీసివేయాలి. చెరువులు, ఈతకొలనులు చెవి నయమయ్యేవరకు వద్దు.

చెవి వెనుక వాపు, ఎర్రదనం, తీవ్రమైన తలనొప్పి, వాంతులు, మెడ బిగుసుకోవడం, కళ్లు తిరగడం, మూతి ఒక పక్కకు వంకర పోవడం, వీటిలో ఏది కనిపించినా అదే రోజు ఆసుపత్రికి తీసుకువెళ్లాలి. మధ్యచెవికీ మెదడుకూ మధ్య ఉన్న ఎముక గోడ చాలా పలుచన. చీము దుర్వాసన వేస్తున్నా, రక్తం కలిసి వస్తున్నా ఆలస్యం చేయరాదు. కర్ణభేరి చర్మం లోపలికి పెరిగి ఎముకను తినేసే వ్యాధి ఒకటి ఉంది. దానికి శస్త్రచికిత్స తప్ప మార్గం లేదు.

రాకుండా చూసుకోగలమా?

కొంతవరకు చూసుకోగలం. మొదటి ఆరు నెలలు తల్లిపాలు మాత్రమే పట్టడం ఈ వ్యాధి నుంచి మంచి రక్షణ. సీసాతో పట్టవలసి వస్తే బిడ్డను పూర్తిగా పడుకోబెట్టి పట్టరాదు, తల కాస్త పైకి ఎత్తి ఉంచాలి. ఇంట్లో బీడీ, సిగరెట్, హుక్కా పొగ పిల్లల చెవికి ప్రత్యక్ష శత్రువు. ఆ పొగ ముక్కు, నాళం లోపలి పొరను దెబ్బతీసి క్రిములకు దారి చేస్తుంది. పొగ తాగే తండ్రి తన ఊపిరితిత్తులనే కాదు, బిడ్డ చెవిని కూడా పాడుచేస్తున్నాడు. పిల్లల చేతులు, ముక్కు శుభ్రంగా ఉంచడం, జలుబుతో ఉన్న బిడ్డకు వేరే రుమాలు ఇవ్వడం చిన్న పనులే అయినా పనికివచ్చేవి.

ప్రభుత్వ టీకాల కార్యక్రమంలో న్యుమోకోకల్ టీకా 2017 నుంచి దశలవారీగా ప్రవేశించి, 2021 నాటికి దేశమంతటా అందుబాటులోకి వచ్చింది. 6 వారాలు, 14 వారాలు, 9 నెలల వయసులో దీనిని ఉచితంగా వేస్తారు. ఇది న్యుమోనియా, మెదడు వాపులతో పాటు ఆ బాక్టీరియా వల్ల వచ్చే చెవి వ్యాధిని కూడా కొంత తగ్గిస్తుంది. పెంటావాలెంట్ టీకాలో హీమోఫిలస్ ‘బి’ రకానికి రక్షణ ఉన్నా, చెవి వ్యాధి కలిగించేది ఎక్కువగా ఆ రకం కాదు. కాబట్టి టీకాలన్నీ వేయించాం గనుక చెవి వ్యాధి రాదని అనుకోరాదు. టీకాలు తప్పక వేయించాలి, చెవిని గమనిస్తూనే ఉండాలి.

అక్షరం చేరేది చెవి గుండానే

గ్లూ ఇయర్ వల్ల సాధారణంగా 20 నుంచి 30 డెసిబెల్‌ల వినికిడి తగ్గుతుంది. గుసగుస ధ్వని సుమారు 30 డెసిబెల్‌లు. అంటే పిల్లవాడు పూర్తిగా చెవిటివాడు కాడు. దగ్గర కూర్చుని బిగ్గరగా మాట్లాడితే అన్నీ వింటాడు. దూరం నుంచి పిలిస్తే, గదిలో ఫ్యాను తిరుగుతుంటే, పది మంది కలిసి చదువుతుంటే సగం మాటలే చేరతాయి. “వాడికి కావలసింది మాత్రం బాగానే వినిపిస్తుంది” అని మనం అపోహపడేది ఇందుకే.

అచ్చుల ధ్వని బలంగా ఉంటుంది, స, ఫ, త, హ వంటి హల్లుల ధ్వని బలహీనంగా ఉంటుంది. ముందుగా జారిపోయేవి ఇవే. మక్తబ్‌లో అరబీ అక్షరాలు నేర్చుకునే పిల్లలకు సీన్, సాద్, సా అనే మూడు ధ్వనుల మధ్య తేడా పట్టుకోవడం ఆరోగ్యమైన చెవితోనే సాధన కావాలి. మూసుకుపోయిన చెవితో అది ఎంత కష్టమో ఊహించండి. హిఫ్జ్ చేసే పిల్లవాడు ఉస్తాద్ నోట విని, ఆ ఉచ్చారణను అనుకరించి కంఠస్థం చేస్తాడు. వినడంలోనే లోపముంటే ఉచ్చారణలో దొర్లే తప్పుకు బెత్తం దెబ్బ మందు కాదు, వినికిడి పరీక్షే మందు. తెలుగు, ఉర్దూ, ఇంగ్లీషు అన్నిటికీ ఇదే వర్తిస్తుంది.

టీవీ శబ్దం పెంచుకోవడం, పదే పదే “ఆఁ?” అనడం, మాట్లాడేవారి పెదవుల వైపు చూడడం, మాటలు ఆలస్యంగా రావడం, చదువులో అకస్మాత్తుగా వెనుకబడడం, వీటిని గమనిస్తే చెవి డాక్టరుకు చూపించాలి. హైదరాబాద్ కోఠిలోని ప్రభుత్వ చెవి, ముక్కు, గొంతు ఆసుపత్రి వంటి కేంద్రాలలోనూ, మెడికల్ కళాశాలల అనుబంధ ఆసుపత్రులలోనూ వినికిడి పరీక్ష సౌకర్యం ఉంటుంది. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద వైద్య బృందాలు అంగన్‌వాడీలకు, ప్రభుత్వ, ఎయిడెడ్ పాఠశాలలకు వచ్చి పిల్లలను పరీక్షిస్తాయి. వినికిడి లోపం కూడా వారు చూసే అంశాలలో ఒకటి. ఆ పరిధిలోకి రాని మదరసాలు, ప్రైవేటు పాఠశాలల నిర్వాహకులు ఏడాదికి ఒకసారైనా చెవి పరీక్షా శిబిరం ఏర్పాటు చేయడం మన సమాజానికి గొప్ప సేవ అవుతుంది. మస్జిద్ కమిటీలు తలచుకుంటే ఇది అసాధ్యమేమీ కాదు.

వ్యాధి మొండిది కావచ్చు, దాని కోట జిగురుది కావచ్చు. దాని స్వభావం తెలిసిన కుటుంబం దానిని జయించగలదు. చెవిని పొడిగా ఉంచడంలో ఓపిక, డాక్టరు చెప్పిన గడువు వరకు మందు వాడడంలో క్రమశిక్షణ, తగ్గిందనిపించాక కూడా మరోసారి చూపించుకునే జాగ్రత్త, ఈ మూడూ ఉంటే చాలామంది పిల్లల వినికిడి నిలుస్తుంది, ఇన్‌షా అల్లాహ్. వినికిడి అల్లాహ్ మన బిడ్డలకిచ్చిన వరం, మన చేతిలో ఉంచిన అమానతు. ఈసారి పిల్లవాడు పిలుపుకు పలకకపోతే గొంతు పెంచే ముందు దగ్గరికి వెళ్లి, ఒక చెవి మూసి, వెనుక నుంచి మెల్లగా పేరు పెట్టి పిలిచి చూద్దాం. తరువాత రెండో చెవి మూసి పిలుద్దాం. పలకకపోతే మందలింపును పక్కన పెట్టి, మరుసటి ఉదయమే చెవి డాక్టరు దగ్గరికి బయలుదేరుదాం.